ఆరుగురి లోపు

ఫారంలో మూడు గడులు.
ఆరుగురి లోపైతే ‘అ’,
ఇరవై దాకా ‘ఆ’,
ఆ పైన ఎంతమందైనా ‘ఇ’.
అ అంటే అమ్మ, అని
పలక పట్టుకున్న పిల్ల నా భుజం మీదుగా చదివింది.
ఆ అంటే ఆవు. ఇ అంటే ఇల్లు.
కాదమ్మా, ఇల్లంటే ‘అ’ అని చెప్పబోయి ఊరుకున్నాను.
ఆ సంగతి మా ఆఫీసులోనే ఇంకా తెగలేదు.

నాచారం, పచ్చళ్ళ కంపెనీ వెనక గల్లీ.
ఆవఘాటు గాలి. రేకుల మీద కోతుల అడుగులు.
రెండు గదుల పోర్షన్లో అండాలమ్మ
పొద్దున్నే ఏడింటికి తలుపు తీస్తే
ప్యాకింగ్ సెక్షన్ తల్లులు, మెట్రో స్టేషన్లు తుడిచే తల్లులు
ఈ చంకలోంచి ఆ చంకలోకి పిల్లల్ని మార్చి ఒకటే పరుగు.
రసీదు లేదు. రిజిస్టరంటే గోడ మీది క్యాలెండరు:
పాలు తాగినోళ్ళకు చుక్క,
జ్వరమొచ్చినోళ్ళకు ఇంటూ మార్కు.

“లైసెన్సంటే బండికి గద మేడం,
నేనేం నడిపిస్తున్న?”

టేపు తీశాను.
ఒక్కో పిల్లకు ఇంత నేల ఉండాలని రూలు.
కొస పట్టుకోడానికి నలుగురు పోటీ.
గౌసియా గెలిచింది.
గోడకు వీపానించి ఊపిరి బిగబట్టి నిలబడింది,
గోడ పడిపోకుండా తనే ఆపుతున్నట్టు.

పొడవు పన్నెండు. వెడల్పు తొమ్మిది.
అందులోంచి బీరువా తీసెయ్యాలి,
మంచం తీసెయ్యాలి, కుట్టుమిషను తీసెయ్యాలి.
“నన్ను గూడ తీసెయ్యుండ్రి,
నేనెప్పుడు లోపల కూసున్న గనక.”

మంటలార్పే డబ్బా?
ఇసుక బకెట్ ఉంది. పిల్లి వాడుకుంటోంది.
మందుల పెట్టె?
జిందా తిలిస్మాత్ సీసా, పసుపు కొమ్ము.
పోలీసు విచారణ పత్రం?
“మా ఆయన మీదుండె ఒక కేసు. ఆయనే పాయె.”

సంపు?
అక్కడ మాత్రం పెన్ను ఆగింది.
మూత మీద చెక్క, చెక్క మీద రుబ్బురోలు,
ఇద్దరు మగాళ్ళు పట్టినా కదలదు.
ట్యాంకరొచ్చినప్పుడు?
“పోరగాండ్లను లోపలేసి గొళ్ళెం పెడ్త.
పాత ఇంట్ల, పక్క పోర్షనోళ్ళ పిలగాడు...”
అని, పాలు పొంగుతున్నాయంటూ లేచి వెళ్ళింది.
పొయ్యి మీద పాలు లేవు.

పదకొండేళ్ళుగా ఇవే రూల్సు పట్టుకు తిరుగుతున్నాను.
సంపుకి తాళం, మెట్లకి తలుపు, కిటికీకి జాలీ,
ప్లగ్గు పిల్లల చేతికందనంత ఎత్తు.
ఏదీ ఎవరికో ఊసుపోక తోచింది కాదు.
ఒక్కో నిబంధన కింద ఒక్కో చిన్న చెప్పుల జత.
ఎవరివో రాయరు.

లెక్కపెట్టాను. ఆరుగురు.
‘అ’ గడిలో టిక్కు పెట్టబోతుంటే
చీర ఉయ్యాల కదిలింది.

ఏడోవాడు.
రాత్రి డ్యూటీ నర్సు కొడుకు.
పగలు ఆమె కన్ను మూతపడాలంటే వీడిక్కడుండాలి.
“వాడు లెక్కల లేడు మేడం,
వాని కోసం పైసలు గూడ తీసుకోను.”
పైసలియ్యనంత మాత్రాన
సంపు వాణ్ణి వదిలేస్తుందా?

ఏడైతే ‘ఆ’.
‘ఆ’ అయితే రెండో ఆయా, రెండో బాత్రూం, రెండో దారి.
గోడకు మేకు కొట్టనివ్వని ఓనరు
దారి తియ్యనిస్తాడా!
ఆరు అని రాస్తే ఆటో ఎక్కి వెళ్ళిపోవచ్చు.

ఏడు అని రాశాను.
తొంభై రోజుల గడువు.
ఆమె నన్ను తిట్టలేదు, వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.
“తొంభై దినాలకు వీనికి నడకొస్తది.
గడపకు అడ్డం పెట్టనీకె ఇంకో రోలు జూడాలె.”

మర్నాడు కొండాపూర్. ‘ఇ’.
వేలు పెడితే తెరుచుకునే తలుపు. పద్నాలుగు కెమెరాలు.
అన్నీ సరిగ్గా ఉన్నాయి,
నిజంగానే సరిగ్గా ఉన్నాయి.
టేపు లాగితే ఏడో అడుగు దగ్గర పట్టేసింది.
మేనేజరు చూస్తుండగానే గోటితో గీకాను.
ఎండిన పెరుగన్నం మెతుకు.